ఏకాకి నావికుడు

విద్య నేర్చుటకు వయస్సుతో నిమిత్తము లేదు. 50 ఏండ్లు దాటిన పిదప తెరచాప పడవ నడుపుట నేర్చి, ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ జీవితమే ఇందుకు తార్కాణము.

చిచెస్టర్ 1901లో ఇంగ్లండు నందలి డెవన్ మండలమున జన్మించెను. తండ్రి మతాచార్యుడు. చిచెస్టర్ 18వ ఏట న్యూజిలాండునకు పోయి, పెక్కు వృత్తులు చేసి ధనము గడించెను. పిమ్మట విమానము నడుపుట నేర్చెను. నిజామాబాదు, బోధను ప్రాంతముల పొలములకు నీరొసగు నిజాంసాగరము పూర్తియైన 1931వ సంవత్సరముననే, ఆయన చిన్న విమానములో ఒంటరిగా టాస్మన్ సముద్రమును దాటెను. నడుమ రెండు చిన్న ద్వీపములే ఆధారము. నేరుగా పోయి దారి తప్పినచో ద్వీపము కుడివైపున ఉన్నదో, ఎడమవైపున ఉన్నదో తెలియదు గదా! కావున ఆయన కావలెననియే ఒక ప్రక్కకు సాగి, సూర్యుని ఎత్తును కొలిచి, తగిన చోట ద్వీపమువైపు మరలెను.

1953లో ఆయన తన మొదటి తెరచాప పడవను కొని, దానికి తన విమానము పేరునే పెట్టి 'జిప్సీ మాత్ రెండు' అని పిలిచెను. మార్గమును గణించుట తెలిసినను, తెరచాపతో గాలిని లోబరచుకొనుట ఆయనకు క్రొత్త. వెనుకగాలికి పడవ సులభముగా సాగును. ఎదురుగాలిలో తిన్నగా పోవుట అసాధ్యము. అపుడు తెరచాపను బిగించి, కొంతదూరము కుడికి, కొంతదూరము ఎడమకు ఏటవాలుగా మరలుచు ముందునకు పోవలెను. గాలి హెచ్చినపుడు తెరచాపను తగ్గింపకున్నచో పడవ ఒరుగును. ఈ మెలకువలను ఆయన ఓపికతో అభ్యసించి, పందెములలో పాల్గొని అనుభవము గడించెను.

1958లో వైద్యులు ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని నిర్ణయించిరి. భార్య షీలా శస్త్రచికిత్సకు అంగీకరింపక, ఆయనను కంటికి రెప్పవలె కాపాడెను. కోలుకొనిన చిచెస్టర్ 1960లో అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా దాటు పందెమున 40 దినములలో న్యూయార్కు చేరి గెలిచెను. తాను నిద్రించువేళ గాలివాటమును బట్టి చుక్కానిని త్రిప్పు సాధనమును ఆయన స్వయముగా రూపొందించుకొనెను.

1966 ఆగస్టు 27న, 'జిప్సీ మాత్ నాలుగు' అను పడవలో ప్లిమత్ రేవునుండి భూప్రదక్షిణమునకు బయలుదేరెను. మార్గమధ్యమున చుక్కానిని త్రిప్పు సాధనము విరిగెను. అయినను ఆయన తెరచాపలనే సమతూకముగా అమర్చుకొని, 107 దినములకు సిడ్నీ చేరెను. ఇక చాలునని పలువురు వారించిరి. ఆయన వినలేదు. 1967 జనవరి 29న మరల బయలుదేరిన రెండు దినములలోపుననే, టాస్మన్ సముద్రపు తుపానులో పడవ ఒక ప్రక్కకు పడిపోయి, తనంతట తిరిగి లేచెను. లోపలి సామగ్రి యంతయు చెల్లాచెదరయ్యెను. వెనుకకు మరలుటకు తీరము సమీపముననే యుండెను. కాని ఆయన నీటిని తోడిపోసి, ముందునకే సాగి, మే 28న ప్లిమత్ చేరెను. ఎలిజబెత్ రాణి ఆయనకు సర్ బిరుదమొసగెను.

చిచెస్టర్ 1972లో మరణించెను. సముద్రమునకు దూరముగా పెరుగు బాలబాలికలకును ఆయన చరిత్ర మార్గదర్శకము. ఎదురుగాలి వీచినపుడు ఆగిపోక, దిశ మార్చుకొని ముందునకు సాగువాడే గమ్యము చేరును.