చర్చిల్ నేర్చిన రుచి

1896 నవంబరు మొదటివారంలో సికిందరాబాదు దండులోని తిరుమలగిరికి బెంగుళూరు నుండి ఒక పోలో జట్టు వచ్చింది. నాల్గవ హుస్సార్లనే అశ్వదళానికి చెందిన ఆ జట్టులో ఇరువదిరెండేండ్లయినా నిండని విన్‌స్టన్ చర్చిల్ ఒకడు. నెలరోజుల క్రిందట బొంబాయి రేవులో పడవ దిగుతూ, గోడకున్న ఇనుపకడియం పట్టుకోబోయి, కుడిభుజం కీలు తప్పించుకొన్నాడు. ఆ బాధ జీవితాంతం వదలలేదు. అయినా ఆట మానలేదు.

నైజాము అంగరక్షకుల గోలకొండ జట్టుకు ఎదురులేదని అప్పటి ప్రతీతి. దేశానికి కొత్తవారైన హుస్సార్లు దానిని తొమ్మిది గోలులకు మూడుగా ఓడించి, చివరకు కప్పును కూడా గెలుచుకొన్నారు. ఆ రోజులలోనే రెసిడెంటు కుమార్తె పమేలా ప్లౌడెన్‌తో పరిచయం కలిగింది. ఆమెతో ఏనుగునెక్కి హైదరాబాదు చూడదలచినట్లు చర్చిల్ తిరుమలగిరి నుండి తల్లికి జాబు వ్రాశాడు.

దండులలో అధికారుల భోజనశాలలకు అలవాటైన పానీయం విస్కీ సోడా. తోటివారు మాటిమాటికీ అది తెప్పించుకొంటుంటే చర్చిల్‌కు వింతగా ఉండేది. ద్రాక్షసారాలు, అందులోనూ షాంపేను ఆతనికి ప్రీతి. అప్పుడప్పుడు కొద్దిగా బ్రాందీ పుచ్చుకొనేవాడు. విస్కీలోని పొగవాసన మాత్రం సహింపరానిదిగా తోచేది.

ఆ ఏవగింపులో పెంపకం పాలు కూడా ఉన్నది. తండ్రి లార్డు రాండాల్ఫ్ కాలపు ఆంగ్లప్రభువులకు బ్రాందీ సోడాయే మర్యాద. విస్కీ ఎక్కడో చలిమైదానాలలో వేటాడేటప్పటి ముచ్చట. తరువాత ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేయడంతో బ్రాందీ కరవైంది. ఆ సందున స్కాచి విస్కీ సామ్రాజ్యమంతటా వ్యాపించింది.

ఇంతకూ ఆ పొగ ఎక్కడిది? బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, చిత్తడినేలలలో త్రవ్వితీసిన పీట్ అనే మట్టి ఇంధనాన్ని కాల్చి, ఆ పొగలో ఆరబెట్టడం స్కాట్లండులో పూర్వపద్ధతి. పిమ్మట పులియబెట్టి, రాగిపాత్రలలో కాచి, ఓక్ పీపాలలో ఏండ్లతరబడి నిలువ ఉంచుతారు. ఒకే బట్టీలో, మొలకబార్లీతో మాత్రమే తయారైనది సింగిల్ మాల్ట్. రసజ్ఞులైన మిత్రులు కూడి, వాసన చూసి, నాలుగు చుక్కల నీరు చేర్చి, గుక్కగుక్కకూ తారతమ్యం నిర్ణయించుకొనేది ఎక్కువగా దీనినే. ఆ రోజులలో దూరదేశాలకు చేరినది మాత్రం చాలావరకు పలు బట్టీల సరకును చౌక ధాన్యసారాతో కలిపిన మిశ్రమం.

1897లో వాయవ్య సరిహద్దున మాలకండులో యుద్ధం రేగింది. చర్చిల్ సెలవు పెట్టి పత్రికావిలేఖరిగా అక్కడికి పోయాడు. చనిపోయిన అధికారుల సామానులు వేలం వేయగా, తనకు కావలసినవి అందులో కొనుక్కొన్నాడు. ఎండ తీవ్రం. తేనీరు కాక అక్కడ దొరికేవి మూడు: గోరువెచ్చని నీరు, నిమ్మరసం పిండిన గోరువెచ్చని నీరు, విస్కీ కలిపిన గోరువెచ్చని నీరు. చర్చిల్ మూడవదానితో సాధన మొదలుపెట్టాడు. రసజ్ఞులు గంటలకొద్దీ చర్చించే తీర్పు ఆతనికి దప్పికవల్ల ఐదురోజులలో తేలిపోయింది. ఏవగింపు పోయింది.

ఆ నాటి కొలత కూడా ఆతనిని విడువలేదు. తరువాత జీవితంలో ఆతడు సేవించినది జానీ వాకర్ వంటి మిశ్రమమే; గ్లాసు అడుగున కొద్దిగా విస్కీ, మిగిలినదంతా నీరో సోడాయో. అది నోరు పుక్కిలించే నీళ్లవంటిదని ఆతని కార్యదర్శి ఒకరు పరిహసించాడు. ఒళ్లు తెలియక త్రాగేవారంటే చర్చిల్‌కు చులకన.

అయితే విస్కీ అంటే ధాన్యం. ఆ ధాన్యం మాట ఆతడు ప్రధానమంత్రి అయిన తరువాత వచ్చింది. 1943లో వంగదేశాన్ని క్షామం పట్టింది. సుమారు ముప్పది లక్షలమంది ఆకలికీ రోగాలకూ బలియైనారు. గోధుమలు పంపుమని భారత ప్రభుత్వం పలుమార్లు కోరినా, ఓడలు చాలవని లండను మంత్రివర్గం అందులో స్వల్పభాగమే ఒప్పుకొన్నది. ఈ నిందనుండి చర్చిల్‌ను తప్పించడం ఆతని అభిమానులకు నేటికీ కష్టమే. 1945లో, యుద్ధం ముగియవచ్చిన వేళ, విస్కీకి కావలసిన బార్లీని ఎంతమాత్రం తగ్గించరాదని ఆతడు ఉత్తరువు వ్రాశాడు. అది పక్వానికి రావడానికి ఏండ్లు పడుతుందనీ, డాలర్లు తెచ్చే ఎగుమతి సరకనీ కారణాలు చూపాడు.

1965 జనవరి 24న, తొంబదేండ్ల వయసున, లండనులో మరణించాడు.