కందుకూరి వీరేశలింగము పంతులుగారు: వారి నవలలు, వారి నవ్వు

తెలుగున నవల యనదగిన తొలి గ్రంథములలో నొకదానిని వ్రాసినవారును, స్త్రీల దుఃస్థితిని లోకమునకు జూపుటకు నవ్వును సాధనముగా గైకొన్నవారును ఒక్కరే. వారు రావుబహద్దరు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. మన పాఠ్యపుస్తకములు వారిని సంఘసంస్కర్త యని పేర్కొని, రెండు తారీఖులిచ్చి, ముందునకు సాగిపోవును. పంతులుగారు వితంతు వివాహములు జరిపించిరనుట మన బాలబాలికలెల్లరు నెఱిగినదే. కాని వారు మిక్కిలి నవ్వించు రచయిత యనియు, ఆ నవ్వులో నధికభాగము స్త్రీల నిమిత్తమై పుట్టినదనియు నెఱిగినవారు కొందఱే. కావున ఈ సంచికయందు వారి రచనాజీవితమును గూర్చియే ముఖ్యముగా వ్రాయ దలచితిమి.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బారాయుడుగారు. పసితనముననే తండ్రి గతించుటచే పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచి పెద్దచేసిరి. 1861లో, పదుమూడవ యేట, తనకంటె చిన్నదగు బాపమ్మ యను బాలికతో వివాహమయ్యెను. ఈమెయే పిమ్మట రాజ్యలక్ష్మమ్మగారని ప్రసిద్ధి చెందినది. బాల్యవివాహములను జీవితాంతము పరిహసించిన రచయిత తానును బాలవరుడే యనుట గమనింపదగినది. వారు ఎగతాళి చేసిన ఆచారము పరుల యింటిది గాదు.

రచయితగా వారి తొలి నడక నేటి పాఠకునకు ఆశ్చర్యము గొల్పును. పెదవులు కలియు అక్షరము ఒక్కటియు రాకుండ, అచ్చతెలుగున, నలచరిత్రమును పద్యకావ్యముగా రచించిరి. ప, ఫ, బ, భ, మ లను విడిచి పది వాక్యములు వ్రాసి చూచినయెడల అందలి కష్టమెంతటిదో మన విద్యార్థులకు తెలియగలదు. పిమ్మట చిన్నయసూరి నీతిచంద్రికలో విడిచిన సంధి విగ్రహములను ఆ గ్రాంథిక ఫక్కిలోనే వచనమున వ్రాసిరి. పండితులు మెచ్చిరి. అయితే పండితుల మెప్పు పండితుల యరుగు దాటి పోదు గదా! ఇంటిలోని స్త్రీకి అందని తెలుగెంత యందముగా నున్నను దానివలన తాను తలపెట్టిన పని నెరవేరదని పంతులుగారు త్వరలోనే గ్రహించిరి.

ఈ గ్రహింపునకు వారి యుద్యోగమును కారణమని మా తలంపు. వారు బడిపంతులు. కోరంగిలోను, తరువాత ధవళేశ్వరములోను ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిరి. ప్రతిదినము పిల్లల యెదుట నిలిచి మాటలాడువాడు, తన మాటలో నేది చెవికెక్కినదో యేది గాలిలో గలిసినదో వెంటనే తెలిసికొనును. ధవళేశ్వరముననే 1874లో వారు బాలికల పాఠశాల స్థాపించిరి; ఆ సంవత్సరముననే వివేకవర్ధని యను పత్రికను ఆరంభించిరి. స్త్రీలకు చదువేల యని వాదించినవారిలో కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ప్రముఖులు. వారికి ఆంధ్రభాషాసంజీవని యను పత్రికయు, దానికి హాస్యవర్ధని యను అనుబంధమును గలవు. మన పంతులుగారు ఊరకుందురా? హాస్యసంజీవని యని తామును ఒక పరిహాసపత్రికను వెలువరించిరి. తెలుగుదేశమున స్త్రీవిద్యను గూర్చిన వాదము ఈ విధముగా రెండు హాస్యపత్రికల నడుమ సాగినది.

హాస్యసంజీవనిలోనే 1876లో బ్రహ్మవివాహమను ప్రహసనము వెలువడెను. దీనినే పెద్దయ్యగారి పెండ్లి యనియు నందురు. కాటికి కాలుచాచిన ముదుసలికి పసిబాలికను కట్టబెట్టు దురాచారము ఇందలి వస్తువు. నిరోష్ఠ్యకావ్యము వ్రాసిన చేతితోనే ఇందు వారు ఇంటింట వినబడు మాటలను ఉన్నవి యున్నట్లు వ్రాసిరి.

ఇక రాజశేఖర చరిత్రము. ఆంగ్ల రచయిత గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను నవల పంతులుగారికి స్ఫూర్తి నిచ్చెను. గోల్డ్‌స్మిత్ ఒక క్రైస్తవ బోధకుని కుమారుడు. ఆ నవలలోని కథానాయకుడును బోధకుడే. పంతులుగారు మొదట దానిని తెలిగింప నారంభించి, కొంతవఱకు నడచిన పిమ్మట మానివేసిరి. పరదేశపు గృహస్థుని కథను మాటకు మాటగా దించినచో తెలుగు పాఠకురాలు తన యిల్లును అందు చూచుకొనజాలదు. కావున ధవళేశ్వరములోని ఒక బ్రాహ్మణ గృహస్థుని తీసికొని, ఆయన చుట్టును తెలుగు సంసారమునే అల్లిరి. ఈ కథ 1878లో వివేకవర్ధనియందు భాగములుగా వచ్చి, 1880లో పుస్తకరూపమున వెలువడెను.

రాజశేఖరుడు ధనవంతుడు, మంచివాడు, మిక్కిలి వెఱ్ఱినమ్మకములు గలవాడు. బంగారము చేసెదనని వచ్చిన బైరాగి ఉన్న బంగారమును గూడ ఊడ్చుకొని పోవును. ధనము పోగానే స్తోత్రములు చేసినవారందఱు మొగము చాటు చేయుదురు. యోబు గ్రంథము చదివిన మన పిల్లలకు ఇట్టి స్నేహితులు క్రొత్తవారు గారు. భార్య మాణిక్యాంబ, కుమార్తెలు రుక్మిణి, సీత, కుమారుడు సుబ్రహ్మణ్యము నానాకష్టములు పడి, తుదకు మారువేషమున నున్న పెద్దాపురపు ప్రభువు కృష్ణజగపతి వలన సుఖపడుదురు. 1887లో హచిన్సను దొరగారి ఆంగ్లానువాదము లండనులో ప్రకటితమయ్యెను. ఇంగ్లండునుండి వచ్చిన బోధకుని కథ ధవళేశ్వరమున జందెము వేసికొని మఱల ఇంగ్లండు చేరినదన్నమాట!

ఈ నవలలో నొకచోట మేము ఆగి చూడవలసి వచ్చినది. రుక్మిణి భర్త నృసింహస్వామి మరణించెనని వార్త వచ్చును. ఆ యింట దుఃఖము వర్ణనాతీతము. కాని కథ ముగియులోపల అతడు సజీవుడై తిరిగివచ్చును. చదువరికి సంతోషమే. అయితే నిజముగా భర్త గతించిన రుక్మిణుల మాట యేమి? 1878లో నవలాకారుడు ఈ ప్రశ్నను దాటిపోయెను. మఱుసటి సంవత్సరము, 1879లో, రాజమహేంద్రవరమున వితంతు వివాహము శాస్త్రసమ్మతమని పంతులుగారు బహిరంగముగా ఉపన్యసించిరి. కథలో భర్తను బ్రతికించి తప్పించుకొన్న చిక్కును సభలో ఎదుర్కొనక తప్పలేదని మేము భావింతుము.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున వారి యింట మొదటి వితంతు వివాహము జరిగెను. పోలీసుల కాపుదల నడుమ జరిగిన పెండ్లి అది. వంటవారు రారైరి, నీళ్లు మోయువారు మానిరి, బంధువులు తలుపులు మూసికొనిరి, పీఠాధిపతులు వెలివేసిరి. భర్తను విడిచి రమ్మని తనవారు పిలిచినను రాజ్యలక్ష్మమ్మగారు పోలేదు. గోదావరినుండి బిందెలతో తామే నీరు తెచ్చి, పెండ్లివారికి తామే వండి వడ్డించిరి. కందకుర్తియొద్ద మన జిల్లాలో ప్రవేశించి, మన ఆర్మూరునకు ఉత్తరముగా పోచంపాడు మీదుగా సాగిపోవు ఈ గోదావరియే రాజమహేంద్రవరము చేరును. ఆ నదిలోని నీరు ఇంటికి చేర్చుట ఒక స్త్రీకి అంతటి సాహసకార్యమగునని నేటివారు ఊహింపజాలరు.

మన ఊరి బాలబాలికలకు ఈ సంగతి మఱియొక విధముగా తెలియగలదు. ఇచటి పొలములలో పసుపు త్రవ్వు కాలమున కొమ్ములు ఏరుట మొదలుకొని ఎండబోయుట వఱకు ఎన్నో పనులు స్త్రీలు చేయుదురు. అందు భర్త లేనివారును గలరు. పసుపు పండించి కుప్పలు పోయు చేతులే పసుపు బొట్టునకు తగవని శాసించిన ఆచారమును ఒక్క నిమిషము ఆలోచించినచో, పంతులుగారికి కోపమేల వచ్చెనో, ఆ కోపము నవ్వుగా నేల మాఱెనో బోధపడును. కొన్ని అన్యాయములు తర్కమునకు లొంగవు. తర్కించువాడు శాస్త్రము జూపిన, ఎదుటివాడు మఱియొక శాస్త్రము జూపును. నవ్వు వచ్చిన పిమ్మట మాత్రము దానిని వెనుకకు మ్రింగుట కష్టము.

1883లో స్త్రీల కొఱకే సతీహితబోధినియను పత్రికను స్థాపించిరి. సత్యవతీ చరిత్రము ఆ కాలపు రచనయే. చదువుకొన్న కోడలు ఒకతె సంసారమును చక్కదిద్దుట ఇందలి కథ. మంచి గ్రంథమే కాని, బోధ యెక్కువ, నవ్వు తక్కువ. పాఠము చెప్పుచున్నామని మఱచిపోయినప్పుడే పంతులుగారు బాగుగ పాఠము చెప్పుదురని మా యభిప్రాయము. ఉపాధ్యాయులకు ఇది కొంచెము చేదుమాటయే!

వారి హాస్యమునకు శిఖరము సత్యరాజా పూర్వదేశ యాత్రలు. 1890వ దశకపు తొలి సంవత్సరములలో వెలువడినది. దీనికి ప్రేరణ డబ్లిను నగర దేవాలయాధికారియైన స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలు. కాని గలివరు మరుగుజ్జుల దేశమును, రాక్షసాకారుల దేశమును చూచెనేగాని, స్త్రీలు పాలించు దేశమును చూడలేదు. మన సత్యరాజాచార్యులు చూచెను. దాని పేరు ఆడుమళయాళము. ఆ యూహ పంతులుగారి సొంతము. జైమిని భారతములోని ప్రమీల రాజ్యము తెలుగువారెఱిగినదే. మళయాళదేశము మంత్రతంత్రములకు నిలయమనియు, అచట ఆస్తి తల్లివైపున సంక్రమించుననియు మనవారు వినియున్నారు. ఈ రెండు వినికిడులను పంతులుగారు ఒక్క పాత్రలో పోసి కలిపిరి.

ఆ దేశమున స్త్రీలు చదువుదురు, పాలింతురు, అధికారము చేయుదురు. పురుషులు ఘోషాలో నుందురు. పతివ్రతా ధర్మమునకు బదులు పత్నీవ్రతా ధర్మము. పురుషునకు చదువు చెప్పినయెడల చెడిపోవునని అచటి పెద్దల భయము. ఇందలి చమత్కారము మిక్కిలి సులభమైనది. సులభమైనది గనుకనే తప్పించుకొన వీలులేనిది. స్త్రీవిద్యకు అడ్డుచెప్పినవారు ఏయే కారణములు చెప్పిరో ఆ కారణములనే తీసికొని, స్త్రీ యన్నచోట పురుషుడని మార్చిరి. అంతే. కోర్టులో సాక్షిచేతనే తన సాక్ష్యమును చదివించినట్లయ్యెను. చదువు పురుషుని చెడగొట్టునని వినగానే పురుషుడు పకపక నవ్వును. నవ్విన మఱునిమిషమున, తాను నిన్న అరుగుమీద పలికిన మాటయే యిదియని జ్ఞప్తికి వచ్చును. భర్తతో చెప్పుకొన వీలులేని మాటను ఎందఱు స్త్రీలు ఈ పుస్తకమును ఆయన ముందు తెఱచియుంచి చెప్పియుందురో!

తరువాత 1905లో వంగదేశపు మహమ్మదీయ వనిత రొకేయా సఖావత్ హుసేన్ గారు సుల్తానా స్వప్నమను కథ వ్రాసిరి. అందును పురుషులే అంతఃపురమున బందీలు. అది మదరాసు నుండి వెలువడిన ఇండియన్ లేడీస్ మాగజైన్ అను పత్రికలో ప్రకటితమయ్యెను. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ గారు తెలుగు క్రైస్తవ కుటుంబమున పుట్టినవారు. ఇట్టి ఊహ తెలుగు నవలలో అంతకు పదియేండ్లకు ముందే కలదను సంగతి మనకు గర్వకారణమే.

అయినను ఒక మాట దాచరాదు. పంతులుగారి నవ్వు అన్నిచోట్ల స్త్రీపక్షమున లేదు. రాజశేఖర చరిత్రములో స్త్రీల మూఢభక్తియు, వారి ముచ్చటలును పరిహాసమునకు గుఱియైనవి. ఆ మౌఢ్యము చదువు లేమివలన వచ్చినదని వారు చెప్పకపోలేదు. కాని పాఠకుడు మొదట నవ్వునది ఆ స్త్రీని చూచియే. పదిపదునైదేండ్ల పిమ్మట ఆడుమళయాళమున నవ్వు దిక్కు మాఱినది. నడుమ జరిగినదేమని యడిగినచో, 1881 నాటి ఆ రాత్రియు, ఆ నీళ్లబిందెయు మాకు జ్ఞప్తికి వచ్చును. ఇంతచేసియు, స్త్రీ తన మాట తానే వ్రాసికొనుట మఱియొకరి వంతైనది. తన యంతట తాను చదువు నేర్చుకొన్న భండారు అచ్చమాంబగారు 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలువరించి, 1902లో ధనత్రయోదశి యను కథ వ్రాసిరి.

పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారపోసిరి. వారికి సంతానము లేదు. వారి యింట ఆశ్రయము పొందిన వితంతు బాలికలకు రాజ్యలక్ష్మమ్మగారే తల్లి. ఆమె 1910లో కన్నుమూసిరి. పిమ్మట పంతులుగారు స్వీయచరిత్రమును రెండు భాగములుగా ప్రకటించిరి. బాల్యమునుండి దగ్గు విడువని దేహము. అయినను కలము విడువలేదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారితో గూడి వ్యావహారిక భాషా సమాజమునకు అధ్యక్షులైరి. పెదవి తగులని కావ్యముతో ఆరంభించిన రచయిత, డెబ్బదియవ యేట, జనుల పెదవులమీది భాషకు పక్షము వహించెను.

ఆ సంవత్సరముననే మే 27వ తేదీన, మదరాసులో, ఆంధ్ర కవుల చరిత్రమును సవరించు పనిలో నుండగా, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి యింట వారు మరణించిరి. లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో ఒకరు; అచ్చమాంబగారికి సోదరులు.