పీఠము దిగిన ఆచార్యుడు

16వ శతాబ్దారంభమున ఐరోపాలో శరీరశాస్త్ర బోధన విచిత్రముగ నుండెను. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ వ్రాసిన గ్రంథమును ఆచార్యుడు ఉన్నతపీఠమునుండి చదువును. క్రింద క్షురకుడు శవమును కోయును. రెండింటికిని పొత్తు కుదరకున్నచో తప్పు శవముదే!

1514లో బ్రస్సెల్సు నగరమున జన్మించిన ఆండ్రియాస్ వెసాలియస్ పారిస్‌లో చదివినదియు ఇట్టి చదువే. 1537లో, 23 ఏండ్లయినను నిండకమునుపే, ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, అతడు పీఠము దిగి కత్తిని తానే చేపట్టెను. విద్యార్థులను చేరబిలిచి ఒక్కొక్క యంగమును చూపసాగెను. క్రింది దవడలో రెండెముకలున్నవని గేలెన్ వ్రాసెను, కనబడినది ఒక్కటే. గేలెన్ కోసి చూచినవి కోతులు మున్నగు జంతువులనియు, మనుష్య శరీరము కాదనియు వెసాలియస్ గ్రహించెను.

1543లో బేసెల్‌లో అతని సచిత్ర బృహద్గ్రంథము అచ్చయ్యెను. పారిస్‌లోని గురువు సిల్వియస్ మండిపడెను. గేలెన్ పొరబడలేదట, నాటినుండి నేటికి మానవశరీరమే మారినదట! పాండిత్యము కంటికి గంతలు కట్టుట యన్న నిదియే కాబోలు.

వెసాలియస్ మాత్రము పూర్తిగా నిర్భయుడా? గుండె నడిమి గోడలోని కానరాని రంధ్రములగుండ రక్తము పోవునన్న గేలెన్ మాటను 1543లో త్రోసిపుచ్చలేకపోయెను. 1555 నాటి కూర్పులో గాని తన సందేహమును బాహాటముగ వ్రాయలేదు.

1564లో జెరూసలేము యాత్రనుండి మరలివచ్చుచు, గ్రీసు సమీపమున జాకింథోస్ ద్వీపములో మరణించెను.