మోకాళ్ల మీద నుండి లేపబడిన పరిచారకుడు – అబ్షాలోము జోన్స్



ఆదివారపు ఆరాధన సక్రమంగా జరగాలంటే వాక్యం చెప్పే కాపరి ఒక్కరే చాలరని మనందరికీ తెలుసు. అందరికంటే ముందు వచ్చి తలుపులు తీసేవారు, బెంచీలు సర్దేవారు, వాక్యభాగం చదివేవారు, కీర్తన ఎత్తుకునేవారు, కానుకలు పట్టేవారు, ప్రభువు బల్ల సిద్ధపరచేవారు ఉండాలి. వీరిలో చాలామంది ఏ జీతమూ ఆశించక ఈ పనులు చేస్తారు. స్వస్థలం విడిచి వచ్చి స్థిరపడిన మనవంటి సంఘాలలో, కాపరి రాలేని ఆదివారాన ఒక పెద్ద లేచి బైబిలు తెరవకపోతే ఆ రోజు ఆరాధనే లేదు.

ఇటువంటి పరిచర్యకు ఎంత విలువ ఉన్నదో, దానికోసం ఒక మనిషి ఎంత అవమానం భరించవలసి వచ్చిందో తెలుసుకొనుటకు అబ్షాలోము జోన్స్ గారి జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన బాప్టిస్టు కారు. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘానికి చెందినవారు. ఇంగ్లాండు సంఘమునుండి పుట్టి, అమెరికా స్వతంత్రమైన తరువాత 1789లో తన స్వంత నిబంధనలతో ఏర్పడిన సంఘం అది. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన మన దోర్నకల్ ఆంగ్లికన్ సంఘానికి అది వరుసకు బంధువు వంటిది. అక్కడ బిషప్పుల పాలన ఉంటుంది. ఆరాధన అచ్చువేసిన ప్రార్థన పుస్తకం ప్రకారం నడుస్తుంది.

బానిస బాలుడు – నాణెములతో కొన్న పుస్తకం

అబ్షాలోము 1746లో డెలవేర్ రాష్ట్రంలోని ససెక్స్ కౌంటీలో బానిసగా పుట్టారు. పొలం పనినుండి తీసి ఇంటి పనికి పెట్టినప్పుడు, వచ్చిపోయేవారు ఆ పిల్లవాని చేతిలో అప్పుడప్పుడు ఒక చిన్న నాణెం పెట్టేవారు. ఆ నాణెములు కూడబెట్టి ఆయన ఒక అక్షరాల పుస్తకాన్ని, ఒక క్రొత్త నిబంధనను కొనుక్కున్నారు. కనబడినవారినల్లా బతిమాలి చదువు నేర్చుకున్నారు. ఆ పుస్తకమే ఆయన జీవితానికి పునాది అయింది.

1762లో, ఆయనకు పదహారేళ్ల వయసులో, యజమాని ఆయన తల్లిని, అయిదుగురు సోదరులను, సోదరిని అమ్మివేశాడు. అబ్షాలోమును మాత్రం తనతో ఫిలడెల్ఫియా పట్టణానికి తీసుకుపోయి దుకాణంలో పెట్టుకున్నాడు. తల్లినీ, తోడబుట్టినవారినీ ఒక్కసారిగా పోగొట్టుకున్న ఆ యువకుడు పగలు సరుకులు మోశారు. దుకాణంలోని గుమాస్తా ఒకాయన ఆయనకు వ్రాత నేర్పాడు. తరువాత క్వేకరు విశ్వాసులు నడిపే రాత్రి పాఠశాలకు కూడా వెళ్లారు.

1770లో మేరీ అనే బానిస యువతిని వివాహమాడారు. ఆనాటి చట్టం ప్రకారం తల్లి బానిస అయితే పుట్టే బిడ్డలు కూడా బానిసలే. అందుచేత అబ్షాలోము తన విడుదలకంటే ముందు భార్య విడుదల కొనాలని నిశ్చయించుకున్నారు. విరాళాలు, అప్పులు తెచ్చి ఆమెను విడిపించారు. ఆ అప్పు తీర్చుటకు యజమాని పని ముగిసిన తరువాత దంపతులిద్దరూ రాత్రులు కష్టపడ్డారు. ఆ తరువాత తన విడుదల కొరకు యజమానిని మరల మరల అడుగుతూ వచ్చారు. చివరకు 1784లో ఆయనకు స్వేచ్ఛ దొరికింది. విడుదల పొందిన తరువాత కూడా అదే యజమాని దుకాణంలో కూలి తీసుకొని పనిచేశారు.

ప్రార్థన మధ్యలో పట్టుకొని లేపారు

ఆ రోజుల్లో ఆయన ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు సంఘంలో సభ్యులు. ఆ సంఘంలో ఆయనా, రిచర్డ్ ఎలెన్ అనే మరొక విడుదల పొందిన బానిసా అభిషేకం లేని సామాన్య బోధకులుగా పనిచేశారు. వారి పరిచర్యవలన నల్లజాతివారు పెద్ద సంఖ్యలో ఆ మందిరానికి రాసాగారు. సంఖ్య పెరిగేకొద్దీ తెల్లవారికి ఇబ్బంది కలిగింది. మొదట వారిని గోడల వెంబడి కూర్చుండమన్నారు. తరువాత మందిరాన్ని విస్తరించి, పైన గ్యాలరీ కట్టించారు. ఆ కట్టడానికి నల్లజాతి సభ్యులు కూడా తమ డబ్బూ, తమ చేతి కష్టమూ ఇచ్చారు.

ఒక ఆదివారం వారు గ్యాలరీలోకి వెళ్లి, తమకు తగిన చోటనుకొని మోకరించారు. ప్రార్థన జరుగుతుండగానే ఒక ధర్మకర్త వచ్చి, అది వారి చోటు కాదంటూ అబ్షాలోము గారిని పట్టుకొని లేపబోయాడు. ప్రార్థన ముగిసేవరకు ఆగమని ఆయన మర్యాదగానే వేడుకున్నారు. ఆ మనిషి ఆగక మరొకరిని సహాయానికి పిలిచాడు. ఇంతలో ప్రార్థన ముగిసింది. నల్లజాతి విశ్వాసులందరూ ఒక్కుమ్మడిగా లేచి ఆ మందిరం విడిచి బయటకు నడిచారు. ఇది 1787లో జరిగిందని వాడుక. గ్యాలరీ కట్టిన కాలాన్ని బట్టి 1792 ప్రాంతంలో అని అనేకమంది చరిత్రకారులు లెక్కకట్టారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆలోచించాలి. వారు జీతం అడగలేదు, పదవి అడగలేదు. మోకరించి ప్రార్థించుటకు చోటు మాత్రమే అడిగారు. ఆత్మలను ఆ మందిరానికి నడిపించినవారికే ఆ చోటు దక్కలేదు.

కలరా కాదు, పచ్చజ్వరం

1787 ఏప్రిల్‌లో జోన్స్, ఎలెన్ గారలు ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘాన్ని స్థాపించారు. సభ్యులు నెలనెలా చందా వేసి విధవరాండ్రనూ, తండ్రిలేని పిల్లలనూ, రోగులనూ ఆదుకునేవారు. ఈ సంఘంనుండే స్వంత మందిరం కట్టుకోవాలనే తలంపు పుట్టింది. డాక్టర్ బెంజమిన్ రష్ మొదలైన తెల్లవారు కొందరు సహాయపడ్డారు.

1793 ఆగస్టులో పైకప్పు ఎత్తిన రోజున ఒక విందు జరిగింది. మొదటి పంక్తిలో సుమారు వందమంది తెల్లవారు, ముఖ్యంగా వడ్రంగులు, కూర్చుంటే నల్లవారు వడ్డించారు. తరువాతి పంక్తిలో సుమారు యాభైమంది నల్లవారు కూర్చుంటే తెల్లవారు వడ్డించారు. సహపంక్తి అనే మాట బరువు తెలిసిన మన ప్రజలకు ఆ దినం ఎంత గొప్పదో వేరుగా చెప్పనక్కరలేదు.

సరిగా అదే నెలలో పట్టణంలో మరణం అడుగుపెట్టింది. ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం వ్యాపించింది. అది దోమకాటువలన వస్తుందని 1900 వరకు రుజువు కాలేదు. అప్పటి జనాభా సుమారు 50,000. మూడు నెలలలో సుమారు 5,000 మంది, అంటే పదిమందిలో ఒకరు, చనిపోయారు. కలిగినవారు ఊరు విడిచి పారిపోయారు. భర్తలు భార్యలను, పిల్లలు తల్లిదండ్రులను విడిచారు. నల్లజాతివారికి ఈ జ్వరం సోకదని డాక్టర్ రష్ నమ్మి, సేవకు రమ్మని వారిని కోరారు. ఆ నమ్మకం తప్పు. వారిలోనూ వందలమంది మరణించారు.

జోన్స్, ఎలెన్ గారలు ఆ పిలుపు అందుకున్నారు. మొదట వెళ్లిన ఇంట్లోనే తల్లి చనిపోయి ఉంది, తండ్రి మరణశయ్యపై ఉన్నాడు, ఇద్దరు చిన్నపిల్లలు తప్ప మరెవ్వరూ లేరు. ఆ దినంనుండి వారు రోగులకు సేవచేయువారిని సమకూర్చారు, శవాలను మోశారు, పాతిపెట్టారు. సేవలో ఉండగా ఎలెన్ గారు కూడా జబ్బుపడి దేవుని కృపవలన కోలుకున్నారు. శవపేటికలకు, కూలివారికి పెట్టిన ఖర్చులో సుమారు 177 పౌండ్లు వారి చేతి సొమ్మే పోయింది.

ఇంత చేసినా నింద తప్పలేదు. మాథ్యూ కేరీ అనే ముద్రాపకుడు, నల్లజాతి సేవకులలో కొందరు రోగులవద్ద అధిక డబ్బు గుంజారని, దొంగతనాలు చేశారని వ్రాసి అచ్చువేశాడు. జోన్స్, ఎలెన్ గారలు 1794లో ఒక చిన్న పుస్తకం ప్రచురించి, లెక్కలతో సహా జవాబిచ్చారు. పట్టణ మేయరు వారి సేవను మెచ్చుకొని సాక్ష్యపత్రం ఇచ్చాడు. వారు తిట్టుకు తిట్టు చెప్పలేదు, నిందను మౌనంగా మింగనూ లేదు. జరిగినది జరిగినట్టు వ్రాశారు.

లే రీడరు

1794 జూలై 17న ఆ మందిరం ఆరాధనకు తెరవబడింది. ఏ శాఖలో చేరాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సభ్యులలో అధికులు ఎపిస్కోపల్ సంఘాన్ని కోరుకున్నారు. జోన్స్, ఎలెన్ గారలిద్దరూ మెథడిస్టు శాఖవైపే మొగ్గారు. సభ్యులు మొదట ఎలెన్ గారినే పరిచారకునిగా ఉండమన్నారు. తాను మెథడిస్టుగానే ఉంటానని ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు జోన్స్ గారు తన ఇష్టాన్ని ప్రక్కన పెట్టి, సంఘం నిర్ణయానికి తలవంచి ఆ భారం ఎత్తుకున్నారు.

వారు బిషప్పు విలియం వైట్ గారి ముందు మూడు షరతులు పెట్టారు. తమను ఒక సంఘంగా చేర్చుకోవాలి. తమ స్థానిక వ్యవహారాలు తమ చేతిలోనే ఉండాలి. అబ్షాలోము జోన్స్ గారికి లే రీడరుగా అనుమతి ఇచ్చి, అర్హత కనబడితే అభిషేకించాలి. ఆ షరతులు అంగీకరించబడ్డాయి. ఆఫ్రికన్ సెయింట్ థామస్ సంఘం అలా ఏర్పడింది.

లే రీడరు అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పాలి. ఆయన అభిషేకం పొందని సామాన్య విశ్వాసి. బిషప్పు అనుమతితో ఉదయ, సాయంకాల ప్రార్థనలు నడిపిస్తాడు, వాక్యభాగాలు చదువుతాడు. ప్రభురాత్రి భోజన సంస్కారం జరిపే అధికారం మాత్రం ఉండదు. మన సంఘాలలో కాపరి లేని ఆదివారాన పెద్ద చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. నాణెములు కూడబెట్టి క్రొత్త నిబంధన కొనుక్కున్న బానిస బాలుడు, నలభై ఎనిమిదేళ్ల ప్రాయంలో తనవారి మధ్య నిలిచి ఆ వాక్యాన్నే చదివి వినిపించాడు. అక్కడ ఆయనను లేపివేయగలవారు ఎవరూ లేరు.

1795లో ఆయన డీకనుగా అభిషేకించబడ్డారు. అభ్యర్థులకు గ్రీకు, లాటిను భాషలు తెలిసి ఉండాలన్న నియమాన్ని ఆయన విషయంలో సడలించారు. అయితే దానికొక వెల కట్టారు. సెయింట్ థామస్ సంఘానికి డయోసిస్ మహాసభలో కూర్చుండే హక్కు ఉండదన్నారు. 1860ల వరకు ఆ హక్కు వారికి రాలేదు. గ్యాలరీలోనుండి లేపిన చెయ్యి ఈసారి కాగితం రూపంలో వచ్చిందని మనకు అనిపిస్తుంది. అయినా వారు ఆరాధన మానలేదు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జోన్స్ గారు పూర్తి గురువుగా అభిషేకం పొందారు. ఎపిస్కోపల్ సంఘంలో ఆ అభిషేకం పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే.

బల్ల దగ్గరనుండి బజారులోనికి

ఆయన పరిచర్య మందిరం గోడలలో ఆగిపోలేదు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే 1793 నాటి చట్టం పేరుతో స్వతంత్రులను సైతం ఎత్తుకుపోతున్నారని, 1799 చివర ఆయనా మరి డెబ్బదిమందీ సంతకాలు చేసి అమెరికా కాంగ్రెసుకు మనవి పంపారు. సభ 85 ఓట్లతో ఆ మనవిని త్రోసివేసింది. వారి పక్షాన పడినది ఒకే ఒక్క ఓటు.

1808 జనవరి 1న విదేశాలనుండి అమెరికాకు బానిసలను తెచ్చే వ్యాపారం చట్టరీత్యా నిషేధించబడింది. ఆ దినాన సెయింట్ థామస్ మందిరంలో జోన్స్ గారు నిర్గమకాండము మూడవ అధ్యాయంనుండి ప్రసంగించి, ఏటేటా ఆ దినాన్ని కృతజ్ఞతార్పణ దినంగా ఆచరించాలని కోరారు. తల్లిని అమ్ముతుండగా చూచినవాని నోట ఆ వాక్యభాగం ఎలా ధ్వనించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎలెన్ గారితో ఆయన స్నేహం శాఖాభేదంవలన చెడలేదు. 1816లో ఎలెన్ గారు ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘానికి మొదటి బిషప్పుగా ప్రతిష్ఠించబడినప్పుడు జోన్స్ గారు ఆ ఆరాధనలో పాల్గొన్నారు. 1818 ఫిబ్రవరి 13న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఎపిస్కోపల్ సంఘపు పంచాంగంలో ఏటా ఆ తేదీన ఆయనను స్మరిస్తారు. ఆయన స్థాపించిన సంఘం నేటికీ ఫిలడెల్ఫియాలో ఆరాధిస్తూనే ఉంది.

మనకు పాఠము

ప్రియులారా, సంస్కారాల విషయంలోనూ, బిషప్పుల పాలన విషయంలోనూ మన నమ్మకం వేరు. కాని ఈ జీవితం మనలను రెండు ప్రశ్నలు అడుగుతున్నది.

మొదటిది, చదువవలసినవారు లేక వాక్యం మూగపోయే ఆదివారం మన సంఘంలో ఉన్నదా? మన పిల్లలలో కొందరికి కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదవడం వచ్చినంతగా తెలుగు చదవడం రాదు. వారిచేత వారానికొక అధ్యాయం ఇంట్లో చదివించినట్లయితే, రేపు బల్ల దగ్గర నిలిచి చదివేవారు దొరుకుతారు.

రెండవది, మన మందిరంలో మోకరించినవానిని మనమెవ్వరమైనా లేపుతున్నామా? కొత్తగా పనికోసం వచ్చినవారినీ, మాసిన బట్టలవారినీ, వేరే పేటవారినీ వెనుక బెంచీకి చూపించే వ్రేలు మనది కాకూడదు. తలుపు తీసే పని మనకు ఇవ్వబడినది అందరికీ తీయుటకే గదా.

ఈ పరిచర్యలకు ముందుకు వచ్చే ప్రతి సహోదరునీ, సహోదరినీ ప్రభువు బలపరచును గాక. ఆమేన్.