చింతామణి రఘునాథాచారి కనిపెట్టిన ముసలి నక్షత్రం

పొన్నేరి నుంచి లోకల్ రైలెక్కితే చేరే చెన్నైలో, నుంగంబాక్కంలో ఒకప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ ఉండేది. పంచాంగకర్తల ఇంట పుట్టిన చింతామణి రఘునాథాచారి గారు అక్కడ చిన్న ఉద్యోగంలో చేరి మొదటి అసిస్టెంటు దాకా ఎదిగారు. మాలాంటి గుమాస్తాలకు ఇదే ముందు కనిపిస్తుంది!

1867లో ఆర్ రెటిక్యులై నక్షత్రం వెలుగు మారుతోందని కనిపెట్టింది ఆయనే. సుమారు 278 రోజులకోసారి అది వెలిగి మసకబారుతుంది. ఇలాంటి ముసలి నక్షత్రాలు ఉబ్బుతూ తగ్గుతూ తమ పదార్థాన్ని బయటికి నెడతాయి. అది చల్లారి చుట్టూ ధూళి పొరగా నిలుస్తుంది. నక్షత్రంలో ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువైతే ఆ ధూళి లాంతరు చిమ్నీకి పట్టే మసి లాంటిది. ఆచారి గారి నక్షత్రంలో ఆక్సిజనే ఎక్కువ. అలాంటి వాటి ధూళి ఇసుక జాతిది. ఆ రోజుల్లో ఈ సంగతులు ఎవరికీ తెలియవు.

1868 సూర్యగ్రహణానికి వనపర్తి వెళ్లారు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలో అయ్యారు.

మా లెక్కన ఆయన పెద్ద పని దృగ్గణిత పంచాంగం. పాత గుణింపు ఆకాశంతో కలవకపోతే మార్చాల్సింది గుణింపునే అన్నారు. పంచాంగం ఇంటివాడు ఆ మాట అనడం తేలిక కాదు.

1880లో కాలం చేశారు. ఆయన నక్షత్రం డిసెంబరు, జనవరి రాత్రుల్లో మనకు దక్షిణాన బాగా కిందుగా వస్తుంది. బాగా వెలిగే రోజుల్లో కూడా బైనాక్యులర్ కావాలి.