మూడోసారికి మెట్రిక్ పాసైన విద్యార్థి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేసుకోవడం ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యతను, ఇక్కడ చదువుకొని మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు వెళ్ళిన పూర్వ విద్యార్థులమైన మాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని మేము ఎక్కువగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మాలో అందరి నోటా ఒకేసారి వచ్చింది.

దానికి కారణం ఉంది. మెడికల్ కాలేజీల్లో మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన హాస్టల్ తమ్ముళ్ళ నుంచి మాకు ఫోన్లు వస్తాయి. పదో తరగతిలో మండలం ఫస్ట్ వచ్చినవాడు, ఊరంతా డాక్టరు బాబు అని పిలుచుకుంటున్నవాడు అనాటమీలోనో, బయోకెమిస్ట్రీలోనో తప్పుతాడు. తెలుగు మీడియం నుంచి వెళ్ళి, వెయ్యి పేజీల ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్నవాడికి అదేమీ వింత కాదు. కానీ వాడికి మాత్రం లోకం మునిగిపోయినట్టే ఉంటుంది. ఇంట్లో చెప్పలేడు. తోటివాళ్ళ ముఖం చూడలేడు. మానేసి ఊరికి వచ్చేస్తానంటాడు. అలాంటి తమ్ముళ్ళ కోసం, రేపు అలాంటి రోజు రావచ్చునని తెలియని తమ్ముళ్ళ కోసం ఈ వ్యాసం.

బాల్యం – పరీక్షల కష్టాలు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి అయినా అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. దాంతో ఇల్లు గడవడం కష్టమైంది.

పిల్లవాడికి చదువు మీద మనసు లేదు. పదమూడో ఏట ఒక బంధువుల పిల్లవాడితో కలిసి ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకొని డబ్బు సంపాదించాలని ఆలోచన! తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. తరువాతి కాలంలో ప్రపంచానికి కొత్త మందులు ఇచ్చిన శాస్త్రవేత్త ఈయనే!

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తిచేశాక సన్యాసం వైపు మనసు మళ్ళింది. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరి గారినే సుబ్బారావు గారు 1919లో వివాహం చేసుకున్నారు.

చేతికి అందిన డిగ్రీ చేజారిన వేళ

అవి గాంధీజీ పిలుపుతో యువకులు విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు గారు కూడా ఆపరేషన్ థియేటర్‌కు ఖద్దరు దుస్తులు వేసుకొని వెళ్ళడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికిచ్చి పంపించారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. మెట్రిక్ తప్పడం వేరు, ఇది వేరు. అక్కడ చదవలేదు కాబట్టి తప్పారు. ఇక్కడ చదివినా అన్యాయం జరిగింది. విద్యార్థి జీవితంలో ఈ రెండు రకాల దెబ్బలూ తగులుతాయి. ఏ దెబ్బ ఏదో గుర్తించడం ముఖ్యం. మన లోపమైతే దిద్దుకోవాలి. మన లోపం కానిదాన్ని నెత్తిన వేసుకొని నేను పనికిరానివాడినని అనుకోకూడదు. సుబ్బారావు గారు ఖద్దరు విప్పలేదు, వైద్యమూ వదల్లేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆధ్వర్యంలో నడుస్తున్న మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ అధ్యాపకునిగా చేరి, అక్కడే పరిశోధనపై ఆసక్తి పెంచుకున్నారు.

పరీక్షల దెబ్బకన్నా పెద్ద దెబ్బ ఆయనకు ఇంట్లో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల వ్యవధిలోనే ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి చిక్కిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ మందు సంగతి తేల్చాలనే పట్టుదల ఆయనలో అప్పుడే నాటుకుంది.

అమెరికాలో కూలి పని, రంగు మారిన ద్రావణం

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్న భరోసాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1920ల తొలి సంవత్సరాల్లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. చేతిలో డబ్బు లేదు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనలో చేరారు.

1925లో వారిద్దరి పేరుతో ఒక పరీక్షా విధానం వెలువడింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అది. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, ఇంకొక రసాయనం చేరిస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. మనలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళందరికీ ఈ పేరు పరిచయమే.

ఈ పద్ధతిని కండరాల మీద ప్రయోగించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. రంగు రావలసినంత వెంటనే రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. లెక్క తప్పిందని ఇంకొకరైతే పారబోసేవారేమో. వీరు ఎందుకిలా అయిందని వెంటపడ్డారు. కండరంలో తేలిగ్గా విడిపోయే భాస్వర పదార్థం ఒకటి ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వీరు కండరం నుంచి ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. మనం నడిచినా, పరుగెత్తినా, ఈ అక్షరాలు చదివినా ఖర్చయ్యేది ఆ ఎ.టి.పి.యే. 1930లో సుబ్బారావు గారికి హార్వర్డ్ పిహెచ్.డి. పట్టా ఇచ్చింది. మెట్రిక్ మూడుసార్లు రాసిన మనిషికి!

అయినా అక్కడా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఏళ్ళ తరబడి పనిచేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత అధ్యాపక పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనకు డైరెక్టరు అయ్యారు.

ఎనిమిదేళ్ళు – ఎన్నో మందులు

లెడర్లేలో ఆయన గడిపినది కేవలం ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వంలోని బృందాలు చేసిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అది మందుగా పనిచేసింది. పుట్టబోయే బిడ్డ వెన్నుపాము కోసం గర్భిణులకు ఇచ్చేది అదే. బడిలో వారానికొకసారి మనచేత మింగించిన నీలం రంగు ఐరన్ మాత్రలో ఉండేదీ ఆ ఫోలిక్ ఆమ్లమే.

1947లో హెట్రజాన్ వచ్చింది. బోదకాలు వ్యాధికి ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్రలు ఇవే. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషికి బోదకాలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు కదా! 1948లో టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైంది. దానిని కనుగొన్నది అదే ప్రయోగశాలలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త.

నాలుగోది మరీ గొప్ప విషయం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు లెడర్లే పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా పెరిగింది. ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు పెరిగిందంటే, దానిని అడ్డుకుంటే తగ్గాలి కదా అని ఆలోచన వచ్చింది. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. దానితో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. క్యాన్సర్‌కు మాత్రలతో, ఇంజక్షన్లతో చేసే చికిత్స చరిత్రలో అది పెద్ద మలుపు. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి ఈనాటికీ రాస్తూనే ఉన్నారు. ఒక విఫల ప్రయోగం తప్పుదారి ఏదో చూపించింది కాబట్టే సరైన దారి దొరికింది.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. నోబెల్ బహుమతి రాలేదు. బతికి ఉండగా మన దేశంలో ఆయన పేరు చాలామందికి తెలియదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మేము చెప్పదలచుకున్నది

తమ్ముళ్ళూ, మహనీయుల జీవితాలు చదివి దండ వేసి దండం పెట్టడం తేలిక. మేము రెండు విషయాలు దాచకుండా చెప్పదలిచాము.

మొదటిది. సుబ్బారావు గారిది పేదరికమే గాని, మన పేదరికం కాదు. ఆయనది తరతరాలుగా అక్షరం తెలిసిన బ్రాహ్మణ కుటుంబం. చదువుకోమని వెంటపడిన తల్లి, ఫీజు కట్టిన మామగారు, సిఫారసు చేసే పెద్దలు ఉన్నారు. మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. మెట్రిక్ రెండుసార్లు తప్పితే మూడోసారి రాయించే స్తోమత మన ఇళ్ళలో ఎన్నింటికి ఉంది? అందుకే ఆయనకు ఇల్లు, బంధువులు చేసిన పనిని మనకు హాస్టల్ చేయాలి. సీనియర్లు చేయాలి. పూర్వ విద్యార్థులమైన మేము చేయాలి.

రెండోది. ఆయన పట్టుదలను నేర్చుకోండి, ఆయన ఒంటరితనాన్ని కాదు. అమెరికా వెళ్ళాక ఆయన మళ్ళీ భార్య ముఖం చూడలేదు. తాను వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే, ఆ బిడ్డనూ చూడలేదు. రాత్రింబవళ్ళు పనిచేసి చిన్న వయసులోనే వెళ్ళిపోయారు. లోకానికి మేలు జరిగింది నిజమే. ఆ ఇంటికి జరిగిన నష్టమూ నిజమే. చదువు కోసం నిద్ర, తిండి, మనుషులను వదులుకోవడం గొప్ప అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక పరీక్ష తప్పిన తమ్ముడికి మా మాట ఇది. ముందు మాలో ఒకరికి ఫోన్ చెయ్యి. మాలో సప్లిమెంటరీ రాసి పాసైన డాక్టర్లు ఉన్నారు. ఇవాళ వాళ్ళ దగ్గరికి వచ్చే రోగి ఏ ప్రయత్నంలో పాసయ్యారని అడగడం లేదు. రెండోది, మార్కులు ఎక్కడ పోయాయో చూడు. థియరీలోనా, వైవాలోనా, లేక ఇంగ్లీషులో రాయలేకనా? ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది. జబ్బు తెలియకుండా మందు వేసుకోకూడదని మనకు నేర్పేదే వైద్యశాస్త్రం. మూడోది, గడువు తెలుసుకో. 2023 నాటి నిబంధనల ప్రకారం ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరాన్ని నాలుగు ప్రయత్నాల్లోగా పూర్తిచేయాలి. అంటే ఒక్కసారి తప్పితే దారి మూసుకుపోదు. అలాగని సిగ్గుతో గదిలో తలుపేసుకొని ప్రయత్నాలు వృథా చేసుకోవడానికీ వీల్లేదు. నాలుగోది, అమ్మానాన్నలకు నువ్వే చెప్పు. చెప్పడం కష్టమైతే మాలో ఒకరం వచ్చి నీ పక్కన కూర్చుంటాం. నిద్ర పట్టక, బతుకు మీద విసుగు పుట్టేంతవరకూ వస్తే ఆ రాత్రే చెప్పు, తెల్లవారేదాకా ఆగవద్దు. డాక్టరు సాయం తీసుకోవడం డాక్టరు కావలసినవాడికి నామోషీ కాదు.

రెండోసారి మెట్రిక్ తప్పిన రోజున ఆ భీమవరం కుర్రవాడు అరటిపళ్ళ గంప దగ్గరికి వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని మూడోసారి పరీక్ష రాశాడు. మన హాస్టల్ నుంచి ఏ తమ్ముడూ ఒక్క మార్కుల జాబితా చూసి వెనక్కి తిరిగి రాకూడదని, మూడోసారి రాయవలసి వస్తే ఫీజుకూ పుస్తకాలకూ అండగా మేమున్నామని ఈ వార్షికోత్సవం సందర్భంగా మాట ఇస్తున్నాము. ఈ మాట మరిచిపోతే మమ్మల్ని నిలదీసే హక్కు మీకుంది.