ఏడా లవ్‌లేస్ దొరసాని

మహనీయుల చరిత్రములు చదువుటవలన పిల్లలకు గలుగు ప్రయోజనములలో ముఖ్యమైనది, గొప్ప కార్యములకు మూలము తఱచుగా చిన్న వేడుకలే యని తెలిసికొనుట. పరీక్షకొఱకు గాక, జీతముకొఱకు గాక, కేవలము తెలిసికొనవలెనను కోరికచే చేయబడిన పని యొక్కొకప్పుడు లోకమునకు దారి చూపును. అట్టి పని చేసిన యొక దొరసాని చరిత్రమును ఈ సంవత్సరము మన పత్రికలో వ్రాయదలచితిమి.

నేటి విద్యార్థులలో గణితమునందు మక్కువగల కొందఱు, గ్రాఫులు గీయు కాలిక్యులేటరును చేతబట్టి, దానికి 'సి' భాషలో ప్రోగ్రాములు వ్రాయుచు సెలవులను గడుపుచుందురు. అఱచేత నిముడు అట్టి యంత్రమును మొట్టమొదట 1985లో జపానుదేశపు కేషియో కంపెనీవారు అమ్మకమునకు తెచ్చిరి. సి భాషను 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ నిర్మించెను. ఈ రెండును ఇటీవలివే. కాని యంత్రమునకు వరుసగా ఆజ్ఞలు వ్రాసి లెక్క చేయించు విద్య వీనికంటె నూఱేండ్లకు పైగా ప్రాతది. ఆ విద్యకు తొలి పాఠమును 1843లో వ్రాసి ప్రకటించిన విదుషియే ఏడా లవ్‌లేస్.

ఏడా 1815వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఆంగ్లకవులలో మిక్కిలి ప్రసిద్ధుడగు బైరన్ ప్రభువు. తల్లి పేరు అనబెల్లా. శిశువునకు నెల నిండిన కొలది దినములకే తల్లి భర్తను విడిచి బిడ్డతో పుట్టినింటికి వెడలిపోయెను. కొన్ని నెలలకు బైరన్ స్వదేశమును విడిచెను. మరల తిరిగి రాలేదు. 1824లో ఆయన గ్రీసుదేశమున మరణించునప్పటికి కుమార్తెకు ఎనిమిదేండ్లు. తల్లి గణితప్రియురాలు. తండ్రి చపలత బిడ్డకు సంక్రమించునేమో యను భయముచే ఆమె ఏడాను చిన్నతనమునుండియు లెక్కలయందును శాస్త్రములయందును కట్టుదిట్టముగా పెంచెను.

పండ్రెండేండ్ల ప్రాయమున ఏడా పక్షుల ఱెక్కలను పరిశీలించి, ఎగిరెడి యంత్రము నొకదానిని కల్పింపబూనెను. 1829లో తట్టమ్మ సోకి కాళ్లు చచ్చుబడగా చాలకాలము మంచమునంటి యుండెను. తరువాత చంకకఱ్ఱల సాయమున నడచెను. అయినను చదువును విడువలేదు.

1833వ సంవత్సరము జూను నెలలో, పదునేడేండ్ల ఏడా, ఛార్లెస్ బాబేజి యను గణితశాస్త్రజ్ఞుని కలిసికొనెను. ఆ పరిచయమే ఆమె జీవితమును మలచెను. ఆ కాలమున ఓడలు నడపువారికిని జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును సంఖ్యల పట్టికలే ఆధారము. ఆ పట్టికలను మనుష్యులు చేతితో గుణించి వ్రాసెడివారు. అచ్చుకూర్పరులు మఱికొన్ని తప్పులు చేర్చెడివారు. మన కళింగపట్టణపు రేవువంటి చోటులకు వచ్చెడి నావికులకు పట్టికలోని యొక్క తప్పుటంకె ప్రాణాపాయము కాగలిగెడిది. ఈ తప్పులను తొలగించుటకై బాబేజి ఇత్తడి చక్రములతో లెక్కించు యంత్రము నొకదానిని నిర్మింప బూనెను. దాని పేరు భేదయంత్రము. 1832లో కూర్చబడిన దాని భాగమును ఏడా చూచి, మఱికొందఱు వింతవస్తువును చూచినట్లు గాక, అది పని చేయు మర్మమును తెలిసికొనగోరెను.

ఆ మర్మమును మన విద్యార్థులును పలకమీద వ్రాసి చూడవచ్చును. ఒక సంఖ్యను దానిచేతనే గుణించి, దానికి ఆ సంఖ్యను చేర్చి, పిమ్మట 41 కలుపుడు. సున్నతో మొదలిడి వరుసగా చేసినచో 41, 43, 47, 53, 61 వచ్చును. వీని నడుమ భేదములు 2, 4, 6, 8. ఆ భేదముల నడుమ భేద మెల్లప్పుడును 2. కావున ఇకమీదట గుణకార మక్కఱలేదు. 8కి 2 కలిపిన 10. 61కి 10 కలిపిన 71. ఇదియే తరువాతి సంఖ్య. శ్రీకూర్మమున తాబేలు నడచునట్లు, అడుగు వెంట అడుగు, కూడికలు మాత్రము చేయుచు యంత్రము పట్టికనంతయు నింపును. నేటి కాలిక్యులేటరు వక్రరేఖను గీయుటయు నిట్టి క్రమమే. టీఐ-83 అను యంత్రపు తెరపై అడ్డముగా 96 చుక్కలు, నిలువుగా 64 చుక్కలు కలవు. అడ్డముగా నున్న ఒక్కొక్క చుక్కకు సరియగు విలువను లెక్కించి, ఆ యెత్తున నున్న చుక్కను నింపుచు పోయినచో వక్రరేఖ కన్పట్టును.

1835లో ఏడా విలియం కింగ్ అను ప్రభువును వివాహమాడెను. ఆయన 1838లో లవ్‌లేస్ ప్రభువయ్యెను. వారికి ముగ్గురు బిడ్డలు. సంసారభారము వహించుచుండియు ఆమె 1840 మొదలు అగస్టస్ డి మోర్గాన్ అను పండితునికి జాబులు వ్రాయుచు ఉన్నతగణితము నభ్యసించెను. ఈ గురువు 1806లో మన దక్షిణదేశమందలి మధురలో జన్మించినవాడు. శిష్యురాలి బుద్ధి అసాధారణమని ఆయన గుర్తించెను. అయినను ఇట్టి శ్రమ స్త్రీల దేహబలమునకు మించునని తరువాత శంకించెను. ఆ కాలమున విద్యావంతులకును ఇట్టి యభిప్రాయమే యుండెను. ఇంచుమించు ఆ సంవత్సరములందే మన విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు స్వంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. జీతము గోరక శాస్త్రమును సేవించువారు ఇటు నటు గూడ నుండిరి.

ఇంతలో బాబేజి మఱియొక యంత్రమును తలపెట్టెను. ఒక్క విధమగు లెక్క గాక, ఏ లెక్క కోరినను చేయదగినది యీ విశ్లేషణయంత్రము. సంఖ్యలను దాచుటకొక కొట్టు, గణించుటకొక మర దానియందు వేర్వేఱుగా నుండును. ఆజ్ఞలు రంధ్రములు వేసిన అట్టలమీద నుండును. ఈ అట్టల యుపాయము ఫ్రాన్సుదేశపు జకార్డు మగ్గమునుండి గ్రహింపబడినది. ఏ వరుసలో ఏ పడుగుపోగులు లేవవలెనో అందు అట్టలే నిర్ణయించును. పొందూరు నేతను చూచిన మన పిల్లలకు ఇది సులభముగా బోధపడును. మగ్గము పూవులను నేయునట్లు ఈ యంత్రము బీజగణితపు అల్లికలను నేయునని ఏడా ఉపమించెను.

1842లో మెనబ్రియా యను ఇటలీదేశస్థుడు ఈ యంత్రమునుగూర్చి ఫ్రెంచిలో నొక వ్యాసము ప్రకటించెను. ఏడా దాని నాంగ్లీకరించి, తన వివరణములను చేర్చెను. ఆ వివరణములు మూలమునకు సుమారు మూడింతలు. 1843లో ఇవి అచ్చుపడినప్పుడు రచయిత్రి పేరునకు మాఱుగా ఏ.ఏ.ఎల్. అను మూడక్షరములే యుండెను.

చివరి వివరణమున ఆమె బెర్నూలీ సంఖ్యలను యంత్రముచే కట్టించు విధమును వ్రాసెను. వరుససంఖ్యల వర్గములను, ఘనములను, ఇంకను పై ఘాతములను కూడునప్పుడు ఈ సంఖ్యలు వచ్చును. మన శ్రీనివాస రామానుజన్ 1911లో ప్రకటించిన మొదటి వ్యాసమును వీనినిగూర్చినదే. ఏ గడిలోని సంఖ్యను ఏ గడిలోని దానితో ఏమి చేయవలెనో, ఫలము నెక్కడ నుంచవలెనో, ఏ పనుల గుంపును మరల మరల చేయవలెనో 25 మెట్ల పట్టికగా నామె చూపెను. నేటివారు సి భాషలో లూపు అను మరలింపును ఆమె యప్పుడే వివరించెను. బాబేజి యీ లెక్కలో చేసిన యొక పెద్ద తప్పును ఆమె పట్టుకొనెనని ఆయనయే తన చరిత్రమున వ్రాసికొనెను. అచ్చైన పట్టికలో మఱియొక తప్పు నిలిచిపోయెను. నాల్గవ మెట్టున భాగహారము తలక్రిందులుగా పడినది. ప్రోగ్రాము వ్రాయువారికెల్ల నిది యనుభవమే. ఈ పనిలో ఆమె పాలెంత, బాబేజి పాలెంత యను విషయమున చరిత్రకారులు నేటికిని ఏకీభవింపరు. కాని బాబేజి సంఖ్యలనే చూచినచోట, ఆమె యంతకంటె దూరము చూచెను. స్వరముల సంబంధములను నియమములుగా వ్రాయగలిగినచో యంత్రము సంగీతమును సైతము కూర్పవచ్చునని తెలిపెను. అదే సమయమున, యంత్రము స్వయముగా దేనిని కల్పింపజాలదనియు, మన మాజ్ఞాపింప నేర్చినదానినే చేయుననియు హెచ్చరించెను. ఆలన్ ట్యూరింగ్ 1950లో ఈ మాటను చర్చించెను. ఆ వాద మింకను ముగియలేదు.

ఆమె తుదిదినములు దుఃఖకరములు. లెక్కల బలముచే గెలువవచ్చుననుకొని గుఱ్ఱపుపందెములలో ధనము పోగొట్టుకొని ఋణముల పాలయ్యెను. ఎంత సూక్ష్మబుద్ధియైనను దురాశకు లోనైనపుడు దారి తప్పును. ఇది మన పిల్లలు మఱువరాదు. పిమ్మట గర్భాశయమున పుట్టకురుపు వ్యాధి సోకి, నెలలతరబడి తీవ్రవేదన ననుభవించి, 1852 నవంబరు 27వ తేదీన ఆమె మరణించెను. అప్పటికి వయస్సు ముప్పదియాఱేండ్లు. తండ్రి మరణించినదియు నా వయస్సుననే. ఆమె కోరిక ననుసరించి హక్నల్ గ్రామపు దేవాలయమున, తా నెఱుగని తండ్రి ప్రక్కనే సమాధి చేసిరి.

విశ్లేషణయంత్రము పూర్తిగా నెన్నడును నిర్మింపబడలేదు. భేదయంత్రమునకు 17,000 పౌనులకు పైగా వెచ్చించిన ప్రభుత్వము 1842లోనే చేతులు ముడుచుకొనెను. బాబేజి 1871లో మృతినొందెను. ఆయన గీసిన రెండవ భేదయంత్రమును లండను సైన్సు మ్యూజియమువారు 1991లో నిర్మించి నడపగా, అది తప్పులేక లెక్కించెను. 1979లో అమెరికా రక్షణశాఖవారు తమ నూతన కంప్యూటరు భాషకు ఏడా యని పేరిడిరి.

లేని యంత్రమునకు ఆమె వ్రాసిన పాఠము, కాలిక్యులేటరు అఱచేతికి వచ్చిన యీ దినములలోను చదువబడుచున్నది. ఇత్తడి కుదురకపోయినను ఆలోచన కుదిరినచో చాలునని దీనివలన తేలుచున్నది. ఏమియు తెలియని యంత్రమునకు ఒక విషయమును మెట్టుమెట్టుగా చెప్పవలెనన్నచో మొదట మన మా విషయమును పూర్తిగా తెలిసికొనవలెను. కావున సెలవులలో సి భాష వ్రాయుచు వక్రరేఖలు గీయు బాలబాలికలను కాలము వృథా చేయుచున్నారని తల్లిదండ్రులు మందలింపకుందురుగాక. చేత యంత్రము లేని పిల్లలు నిరుత్సాహపడ బనిలేదు. ఏడాకును యంత్రము లేదు. ఒక కాగితమును, ఒక కలమును, తప్పును వెదకి దిద్దుకొను ఓర్పును చాలును. ముఖ్యముగా మన బాలికలు ఈ చరిత్రమును చదివి, గణితము తమది కాదను మాటను చెవిని బెట్టక, ధైర్యముతో ముందునకు సాగుదురని మేము నమ్ముచున్నాము.